రాయవేలూరు మజిలీ

నేల దారిన నెలల తరబడి ఇంటికి దూరమైన మనిషికి అక్కడి రాజకీయం వార్తగానే అందుతుంది. అందులో అతని చెయ్యి ఉండదు. దాని దెబ్బ మాత్రం అతణ్ని వెతుక్కుంటూ వస్తుంది. వెనక్కి వెళ్లే బాట తెరిచి ఉంటుందా, చేతిలో డబ్బు ఎన్నాళ్లు ఆడుతుంది, తిరిగి వెళ్లేసరికి తన పేరు ఏ జాబితాలో మిగిలి ఉంటుంది అన్నవన్నీ తన కంటికి కనబడని చోట తేలుతాయి. ఈ సంగతిని ఒకే ఊళ్లో రెండు శతాబ్దాల పొడవునా చూడాలంటే వేలూరు మంచి చోటు. చిత్తూరు, పలమనేరు వైపు పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ రాయవేలూరు అనే అంటారు. విజయనగర రాయలు కాపురమున్న ఊరు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఆ రాయలు కూడా ఒక రకంగా దారిన పడి వచ్చినవాళ్లే. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక అరవీటి రాజులు పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి, చివరికి వేలూరుకు కొలువు మార్చుకుంటూ దక్షిణానికి దిగారు. మూడో శ్రీరంగరాయలు 17వ శతాబ్దం నడుమ వేలూరును కూడా పోగొట్టుకున్నాడు. తనకు ఒకప్పుడు కప్పం కట్టిన మైసూరు, ఇక్కేరి దొరల పంచన చేరి, కోట తిరిగి వస్తుందని ఎదురుచూస్తూ చాలా కాలం గడిపాడు. కోట మాత్రం తిరిగి చేతికి రాలేదు.

ఊరు ఇలా మజిలీ కావడానికి నేల తీరు కారణం. వేలూరు పాలారు ఒడ్డున ఉంది. పడమట మైసూరు పీఠభూమి, తూర్పున ఆర్కాటు మైదానం. పైనుంచి దిగే బాటలన్నీ ఈ చుట్టుపక్కలకే చేరతాయి. ఒకటి పలమనేరు నుంచి మొగిలి కనుమ దిగి చిత్తూరు మీదుగా వస్తుంది. ఒకటి పలమనేరు నుంచే అడవిలోంచి గుడియాత్తానికి దిగుతుంది. మరొకటి వాణియంబాడి, ఆంబూరు మీదుగా నదిని పట్టుకుని నడుస్తుంది. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తాను మీదికి దండెత్తిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సైన్యాన్ని వేలూరు దగ్గర కూడగట్టి, ఆంబూరు వైపు వెళుతున్నట్టు నటించి, గుట్టుగా మొగిలి కనుమ ఎక్కాడు. శత్రువు ఒక కనుమ దగ్గర కాపు కాస్తుంటే తాను మరో కనుమన పైకి చేరాడు. ఆ యుద్ధంలో సైన్యాల కడుపు నింపింది ఎద్దుల మీద ధాన్యం వేసుకుని తిరిగే లంబాడీల బిడారులు. ఏ రాజు గెలిచినా ఓడినా వాళ్ల వ్యాపారం వాళ్లది. దారి మీద బతికేవాళ్లలో రాజకీయాన్ని అంత తేలిగ్గా తీసుకోగలిగినవాళ్లు అరుదు.

మరుసటి ఏడు ఆ యుద్ధం ఒప్పందంతో ముగిసింది. టిప్పు సగం రాజ్యం వదులుకోవాలి, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు చెల్లించాలి. అందుకు పూచీగా ఇద్దరు కొడుకులు, పదేళ్ల అబ్దుల్ ఖాలిక్, ఎనిమిదేళ్ల ముయిజుద్దీన్, ఇంగ్లీషువారి చేతికి వెళ్లారు. పిల్లల్ని శ్రీరంగపట్నం నుంచి మద్రాసుకు తరలించారు. రెండేళ్ల పాటు వాళ్లు ఎప్పుడు ఇల్లు చేరతారన్నది మైసూరు ఖజానాలోంచి కిస్తీలు ఎంత చురుగ్గా కదులుతాయన్న దాని మీదే ఆధారపడింది. 1794లో బాకీ తీరింది, పిల్లలు తండ్రిని చేరారు. దారిలో ఉన్నవాడి బతుకుకూ ఇంటి లెక్కల పుస్తకానికీ ఉండే ముడి ఇంత తేటగా కనిపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

అయిదేళ్లు తిరిగేసరికి వాళ్లు మళ్లీ దారిన పడ్డారు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు చనిపోయాడు. జూన్ 30న అయిదేళ్ల పసివాడు కృష్ణరాజ ఒడెయరును మైసూరు గద్దె మీద కూర్చోబెట్టారు. టిప్పు కొడుకుల్ని, అంతఃపుర స్త్రీలను, పరిచారకులను కనుమలు దింపి వేలూరు కోటకు తెచ్చారు. ఈసారి తీరాల్సిన బాకీ ఏదీ లేదు కనుక తిరిగి వెళ్లే గడువు కూడా లేదు. కోటలో వాళ్లకు ఇచ్చిన భవంతులను ఈనాటికీ టిప్పు మహల్, హైదర్ మహల్, బేగం మహల్ అని పిలుస్తారు. యజమానుల వెంట మైసూరు నుంచి వచ్చి పేటలో స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. పింఛను ఈస్టిండియా కంపెనీ ఇచ్చేది, కాపలా కంపెనీ కాసేది. మాట్లాడుకునేది మాత్రం మైసూరు గురించే.

1806 జూలై 10 తెల్లవారుజామున కోటలోని సిపాయిలు తిరగబడ్డారు. సైన్యంలో కొత్త తలపాగా పెట్టమన్నారు, నొసట బొట్టు, నామం వద్దన్నారు, గడ్డాలు కత్తిరించమన్నారు. ఆ తలపాగాకు తోలు తగిలించి ఉండటంతో హిందువులకూ ముస్లింలకూ ఒకేలా ఒళ్లు మండింది. అంతకు ముందు రోజే కోటలో టిప్పు కూతురి పెళ్లి. తిరుగుబాటులో టిప్పు జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి ఇంగ్లీషు అధికారి గిలెస్పీ గుర్రపు దళంతో కొన్ని గంటల్లోనే వచ్చి పడటంతో మధ్యాహ్నానికి అంతా ముగిసింది. వందలాది సిపాయిలు చనిపోయారు. రాజకుమారుల చెయ్యి ఎంత ఉందన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కంపెనీ మాత్రం ఆ తర్కం కోసం ఆగలేదు. మైసూరుకు ఇంత దగ్గర్లో ఆ కుటుంబాన్ని ఉంచడమే తప్పని తేల్చి, వాళ్లను కలకత్తాకు పంపేసింది. గవర్నర్ బెంటింక్‌ను, సేనాధిపతి క్రాడక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. వేలూరులో పుట్టిన గొడవకు లండన్‌లో లెక్క తేలింది. ఆ రోజుల్లో ఉత్తరం సముద్రం దాటడానికి నెలలు పట్టేది కాబట్టి ఆ తేలడం కూడా తాపీగానే జరిగింది.

ఖాళీ అయిన కోటకు పదేళ్లకు మరో అతిథి వచ్చాడు. తెలుగు పాఠకులకు పెద్దగా తెలియని కథ ఇది. సింహళంలో క్యాండీ రాజ్యాన్ని 1739 నుంచి ఏలినవాళ్లు నాయకర్లు, మధుర నాయక రాజులతో చుట్టరికం చెప్పుకున్న తెలుగు మూలాల వంశం. అక్కడి రాజులకు మధుర నుంచి పెళ్లికూతుళ్లను తెచ్చుకునే ఆనవాయితీ ఉండేది. సింహళ రాజవంశం నిస్సంతుగా పోయినప్పుడు రాణి తమ్ముడు గద్దె ఎక్కాడు. ఆ వరసలో నాలుగోవాడు, ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహ, పుట్టినప్పటి పేరు కన్నస్వామి. 1815 ఫిబ్రవరిలో ఇంగ్లీషువారు అతణ్ని పట్టుకున్నారు. మార్చి 2న క్యాండీ సర్దారులు రాజ్యాన్ని బ్రిటన్ రాజుకు అప్పగిస్తూ ఒప్పందం మీద చేవ్రాలు చేశారు. పదవి పోయిన రాజు బంధువర్గమంతా ఆ దేశంలో అడుగు పెట్టకూడదని అందులోనే రాసుకున్నారు. మరుసటి ఏడు రాజును, రాణులను ఓడలో మద్రాసుకు, అక్కణ్నుంచి బండ్ల మీద వేలూరుకు చేర్చారు.

అతను వేలూరు వచ్చిన ఏడాదిన్నరకే సింహళంలోని ఊవా సీమలో పెద్ద తిరుగుబాటు లేచింది. దానికి ముందు నిలిచినవాడు తాను నాయకర్ల వంశం వాణ్నని, దొరస్వామి అనే రాజబంధువునని చెప్పుకున్నాడు. అది అబద్ధం. కానీ 1817, 1818ల్లో పల్లెలకు పల్లెలు ఆ పేరు నమ్మి లేచాయి, కాలిపోయాయి. నాయకులకు మరణశిక్షలు పడ్డాయి. ఎవరి వంశం పేరు మీద ఇదంతా నడిచిందో ఆ మనిషి పాలారు ఒడ్డున కోటగోడల నడుమ కూర్చుని ఉన్నాడు. తన పేరుతో జరిగే రాజకీయం తనను అడక్కుండానే జరిగిపోవడం ప్రవాసంలో ఉన్న ప్రతి నాయకుడికీ ఏదో ఒక మోతాదులో అనుభవమే. క్యాండీ రాజుకు అది పూర్తి మోతాదులో జరిగింది. 1832 జనవరిలో అతను వేలూరులోనే పోయాడు. అతని సింహాసనం ఇంగ్లండులోని విండ్సర్ కోటకు వెళ్లి, 1934లో సింహళానికి తిరిగి వచ్చింది. మనిషి సమాధి మాత్రం పాలారు దాపునే ఉంది. 1990లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ ముత్తు మండపం కట్టించింది.

ఆ రాజు ఇంకా బతికి ఉండగానే, మద్రాసు నుంచి మరో తెలుగువాడు దారిన పడ్డాడు. ఇతన్ని ఎవరూ తరమలేదు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసే ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు, ఎక్కువ భాగం నేల మీదే. వెళ్లేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ, తర్వాత మన కోస్తా పొడవునా కిందికి. దారిలో చూసింది చూసినట్టు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపేవాడు. అవన్నీ కలిపి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. అప్పటికి రచయిత పోయి రెండేళ్లు.

వీరాస్వామి రాజకీయం రాయాలని బయలుదేరలేదు. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, అంగట్లో ఏ సరుకు దొరుకుతుంది, ఏ నాణెం చెల్లుతుంది, బోయీలు ఎక్కడ దొరుకుతారు అని తర్వాత వచ్చే బాటసారికి పనికొచ్చేట్టు రాసుకున్నాడు. చదివేవాడికి అందులోంచే రాజ్యాల తేడా బయటపడుతుంది. ఒక సీమ దాటి మరో సీమలో అడుగు పెట్టగానే నాణెం మారుతుంది, సుంకం మారుతుంది, రాత్రి పడక ఎంత నిర్భయమన్నది మారుతుంది. మద్రాసులో కూర్చుని కంపెనీ పాలన మంచిదా నిజాం పాలన మంచిదా అని వాదించుకోవడం వేరు. ఒకే నెలలో రెండింటి కిందా నిద్రపోయి చూడటం వేరు. దూర ప్రయాణం మనిషిని తటస్థుణ్ని చేస్తుందని అంటారు కానీ వీరాస్వామిని చదివితే ఆ మాట మీద నమ్మకం తగ్గుతుంది. ఆయన కంపెనీ కొలువులో ఉన్నవాడు, ఆ చూపు పోలేదు. దారి ఆయనకు ఇచ్చింది తటస్థత కాదు, ఇంటి పాలనను పోల్చి చూసే తూనికరాళ్లు.

ఇరవయ్యో శతాబ్దంలో వేలూరుకు పంపే పద్ధతి మారింది, కోట స్థానంలో జైలు వచ్చింది. వేలూరు కేంద్ర కారాగారంలో తమిళ, తెలుగు, మలయాళ సీమల కాంగ్రెస్ నాయకులు ఎందరో గడిపారు. రాజాజీ 1921 చివర్లో ఇక్కడికి వచ్చి మూడు నెలల పాటు దినచర్య రాసుకున్నాడు. స్వరాజ్యం వస్తే సుఖం వెంటనే రాదని, ఎన్నికలు, అవినీతి, అన్యాయం కొత్త బాధలవుతాయని అందులో ఆయన ఊహించాడు. బయట ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో ఆ మాట రాయగలగడానికి, ఊపుకు దూరంగా గోడల మధ్య ఉండటం కొంత కారణం కావచ్చు. కామరాజ్ కథ ఇంకా చిత్రం. 1941లో ఆయన వేలూరు జైల్లో ఉండగానే సొంతూరు విరుదునగరంలో పురపాలక సంఘం అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. విడుదలయ్యాక వెళ్లి ఆ పదవికి రాజీనామా చేశాడు. పదమూడేళ్లకు, 1954 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు శాసనసభలో స్థానం లేదు. అప్పుడు నిలబడిన చోటు సొంత జిల్లా కాదు, జైలు ఊరికి పక్కనున్న గుడియాత్తం. అక్కడి ఉప ఎన్నికలో గెలిచి సభకు వెళ్లాడు.

గుడియాత్తం వేలూరుకు పడమట సుమారు 35 కిలోమీటర్లలో, పాలారులో కలిసే కౌండిన్య నది మీద ఉంది. లుంగీల మగ్గాలు, అగ్గిపెట్టెలు, బీడీలు ఊరి ఆదాయం. మేలో గంగమ్మ శిరస్సు ఊరేగింపుకు చిత్తూరు జిల్లా నుంచి జనం కదిలి వస్తారు. ఊరు దాటి కొంత దూరం వెళితే అడవి, అడవిలో రాష్ట్రాల సరిహద్దు, ఆ పైన కౌండిన్య ఏనుగుల అభయారణ్యం, పలమనేరు. 1911 దాకా ఇదంతా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, ముఖ్య పట్టణం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు జిల్లా విడిపోయింది, ఉత్తర ఆర్కాటు కచేరీ వేలూరుకు చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక జిల్లా గీత రాష్ట్ర గీత అయింది. 1960లో పటాస్కర్ తీర్పు అమలై తిరుత్తణి అటు, కొన్ని గ్రామాలు ఇటు మారాయి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు మాత్రం గీతకు రెండు వైపులా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాళ్లు ఏ ప్రయాణమూ చేయలేదు, రాజకీయమే వాళ్ల మీదుగా ప్రయాణం చేసింది. పెళ్లి సంబంధం అటు, ఓటు ఇటు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో గుడియాత్తం ఏప్రిల్ 19న ఓటేస్తే, కనుమ ఎక్కినంత దూరంలోని పలమనేరు మే 13న వేసింది. మధ్యలో ఇరవై నాలుగు రోజులు అక్కాచెల్లెళ్ల ఇళ్లల్లో ఒకరిది అయిపోయిన ఎన్నిక, ఇంకొకరిది నడుస్తున్న ఎన్నిక.

వేలూరు, గుడియాత్తం దారికి మరో పాత జ్ఞాపకం ఉంది. రాణిపేటలో పుట్టిన అమెరికా మిషనరీ కుటుంబపు అమ్మాయి ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో అది ఆస్పత్రి అయింది. కొన్నేళ్లకు ఆమె వారానికోసారి గుడియాత్తం బాట పట్టి, దారిలో చెట్ల కింద ఆగి, ఎదురుచూసే పల్లెల వాళ్లకు మందులిస్తూ వెళ్లేది. మొదట బండి, తర్వాత మోటారు. అప్పుడు వైద్యుడు రోగి దగ్గరికి వెళ్లేవాడు. ఆమె ఆస్పత్రి క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా పెరిగి పెద్దదైన కొద్దీ ఆ ప్రయాణం తిరగబడింది. 1961లో దేశంలో విజయవంతమైన తొలి ఓపెన్ హార్ట్ శస్త్రచికిత్స, 1971లో విజయవంతమైన తొలి మూత్రపిండ మార్పిడి ఇక్కడ జరిగాక, వేలూరు పేరు గంగానది ఒడ్డు దాకా పాకింది.

ఆ పేరు విని వచ్చే రోగులే ఈనాటి నేల దారి ప్రయాణికులు. హౌరా నుంచి వేలూరు పక్కనున్న కాట్పాడికి రైలు దారి రమారమి 1,700 కిలోమీటర్లు, ముప్ఫై గంటల అటూ ఇటూ. ఆ దారిలో సింహభాగం మనదే: ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి వచ్చిన బండి విశాఖ, బెజవాడ, నెల్లూరు, గూడూరు దాటి, తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి చేరుతుంది. ఆ బండ్లలో ఎక్కే తెలుగు ప్రయాణికులకు ఆ మనుషుల్ని చూడగానే తెలుస్తుంది. బెర్తు కింద స్టీలు డబ్బాలు, బియ్యం సంచి, మర్చిపోకుండా కిటికీ పక్కన నిలబెట్టిన ఎక్స్‌రే కవరు. బెంగాల్, జార్ఖండ్, అస్సాం, త్రిపుర నుంచి వచ్చేవాళ్లకు ఇది పరీక్ష చేయించుకుని రేపే వెళ్లే పని కాదు. కేన్సరుకో, ఎముక మజ్జ మార్పిడికో వచ్చినవాళ్లు నెలల తరబడి ఉంటారు.

ఆస్పత్రి చుట్టూ గాంధీ రోడ్డు, బాబూరావు వీధి సందుల్లో వాళ్ల కోసమే బతికే చిన్న లాడ్జీలు ఉన్నాయి. బోర్డుల మీద తమిళం పక్కన బెంగాలీ, హిందీ, తెలుగు. గదికి రోజు అద్దె, పొయ్యి, గిన్నెలకు వేరే అద్దె. రోగికి బయటి తిండి పడదు కాబట్టి పొయ్యి దొరికే గదికే గిరాకీ. ఒక గదిలో ఆవనూనెలో చేప వేగుతుంటుంది, పక్క గదిలో పప్పులోకి చింతపండు పిసుకుతుంటారు. వరండాలో సాయంత్రం పూట చార్జింగు ప్లగ్గు చుట్టూ నలుగురు చేరతారు. ఎవరి ఫోన్లో వాళ్ల ఊరి వార్తలు, ఎవరి భాషలో వాళ్లకు. ఎల్లుండి రక్తపరీక్ష ఫలితం ఎంత ముఖ్యమో, ఊళ్లో పంచాయతీ ఎవరిదన్నదీ అంతే ముఖ్యం. ప్రభుత్వ వైద్య బీమా కార్డు ఈ రాష్ట్రంలో, ఈ చికిత్సకు చెల్లుతుందా లేదా అన్నది ఇంటి దగ్గర గెలిచిన పార్టీ చేతిలో పని కూడా అవుతుంది మరి. అలాంటి పథకాలు ప్రతి రాష్ట్రానికీ వేరు, పేరు వేరు, గీత దాటితే వాటి నిబంధనలూ వేరు.

గీత దేశపు గీత అయినప్పుడు చిక్కు మరింత ముదురుతుంది. బంగ్లాదేశ్ నుంచి వచ్చేవాళ్లలో విమానం అందనివాళ్లు ఢాకా నుంచి బస్సులో బేనాపోల్ దాకా వచ్చి, అవతల పెట్రాపోల్ దగ్గర ముద్ర వేయించుకుని, బనగాఁవ్ లోకల్ బండిలో కలకత్తా చేరి, అక్కడ కాట్పాడి రైలెక్కుతారు. వేలూరులో దిగగానే లాడ్జీవాడు 24 గంటల్లో వాళ్ల వివరాలు నింపి ప్రభుత్వానికి పంపాలి. 2024 జూలైలో ఢాకాలో విద్యార్థుల ఉద్యమం రాజుకోగానే కలకత్తా నుంచి నడిచే మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి భారతదేశానికి వచ్చింది. భారత వీసా కేంద్రాలు కొన్నాళ్లు మూతపడి, తర్వాత అత్యవసర వైద్యం లాంటి కొద్ది కారణాలకే తెరుచుకున్నాయి. అప్పటికే వేలూరులో ఉన్నవాళ్లకు ఒక దిగులు, తర్వాతి విడత చికిత్సకు తారీఖు తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్లకు మరో దిగులు. మందు ఇక్కడ ఉంది, మనిషి అక్కడ ఉన్నాడు, మధ్యలో ఉన్నది రాజకీయం. లాడ్జీల గదులూ, బెంగాలీ హోటళ్ల బల్లలూ ఖాళీ అయినప్పుడు ఢాకా వీధి గొడవ వేలూరు కిరాణా కొట్టు గల్లాపెట్టెకూ తగిలింది.

స్వదేశీ రోగికి గీత దాటే బాధ లేదు, ఓటు బాధ ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కొంతకాలం ఇంట్లో లేనంత మాత్రాన సొంతూరి జాబితాలో పేరు పోదు. పేరు ఉంటే చాలదు, ఓటేయాలంటే ఆ పోలింగు బూత్‌కు స్వయంగా వెళ్లాలి. తపాలా ఓటు సైనికులకు, ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లకు, ముందు జాగ్రత్త చట్టాల కింద నిర్బంధంలో ఉన్నవాళ్లకు, ఇలా కొద్ది వర్గాలకే. ముసలివాళ్లకు, వికలాంగులకు ఇచ్చిన ఇంటి ఓటు కూడా వాళ్ల సొంత చిరునామా దగ్గరే. నిర్బంధంలో ఉన్నవాడికి తపాలా ఓటుంది, పొరుగు రాష్ట్రపు ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడికి లేదు. రాజాజీకి ఈ తేడా చెబితే నవ్వేవాడేమో. 2010 సవరణతో ప్రవాస భారతీయులకు జాబితాలో పేరు దొరికింది, ఓటేయడానికి మాత్రం వాళ్లు కూడా విమానమెక్కి రావాల్సిందే. 2024 మేలో అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి ఆంధ్రకు అలా వచ్చినవాళ్లున్నారు. హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఓటు కోసం ఊళ్లకు బయలుదేరినవాళ్లతో రహదారులు కిక్కిరిశాయి. అంత తపన ఉన్న రాష్ట్రం వాళ్లయినా, వేలూరులో రెండో విడత కీమో మధ్యలో ఉంటే కదలలేరు.

దీనికి ఎన్నికల సంఘం ఒక మార్గం వెతికింది. 2022 డిసెంబరు 29న దూర ఓటింగు యంత్రం నమూనా సిద్ధమైందని ప్రకటించింది. ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోవచ్చని, వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటే సొంతూరికి ఓటేయవచ్చని చెప్పింది. 2023 జనవరి 16న పార్టీలను పిలిచింది. వలసవాడంటే ఎవరు, వేరే రాష్ట్రంలోని బూత్‌లో తమ ఏజెంటు ఎలా కూర్చుంటాడు, అక్కడ ప్రచార నియమావళి ఎవరు అమలు చేస్తారు అని ప్రతిపక్షాలు అడిగాయి. ప్రశ్నలు సబబైనవే. జవాబులు కుదరలేదు, యంత్రం 2024 ఎన్నికల్లో కనబడలేదు. 2025 నవంబరు 4న పశ్చిమ బెంగాల్, తమిళనాడు సహా పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు బూత్ స్థాయి అధికారులు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఇల్లు తాళం వేసి వేలూరు వచ్చినవాళ్లకు ఆ ఫారం గురించి ఊళ్లో మిగిలిన అన్నో, మేనమామో, లేదంటే ఫోనులో వెబ్‌సైటో దిక్కు.

లాడ్జీ వరండాలో ఆ రోజుల్లో వినిపించే సంభాషణ పెద్దగా సిద్ధాంతాల మీద నడవదు. పాత జాబితాలో నాన్న పేరు ఏ అక్షరాలతో ఉంది, ఇంటి నంబరు ఎంత, తమ్ముడు సంతకం పెడితే చెల్లుతుందా అన్నవే ఎక్కువ. తర్వాత డాక్టరు ఇచ్చిన తారీఖు, దానికి ముందూ వెనకా ఉన్న రైళ్లు, వెయిటింగు లిస్టు. అన్నీ ఒకే కాగితం వెనక రాసుకుంటారు, మందుల చీటీ వెనక.